పలుగురాయి చెప్పే లెక్క: కొండల వయసు గురించి నెల్లూరు, ప్రకాశం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సుత్తి, ఉలి, గోనెసంచి పట్టుకుని వెలిగొండల కింద తిరుగుతుంటే గొర్రెలు కాచుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ‘ఏంది సార్, బంగారం ఏమైనా ఉండాదా ఇక్కడ?’ బంగారం కాదు, వయసు వెతుకుతున్నాం అంటే నవ్వుతారు. రాయికి వయసేంటి, అది పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉందిగా అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం చెప్పటానికే ఈ పేజీ. జిల్లాల గీతలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఇక్కడ నెల్లూరు, ప్రకాశం అన్నప్పుడల్లా పాత ఉమ్మడి జిల్లాలనే అనుకోండి.

ఇంతకీ మీరు రాళ్లలో వెతికేది ఏమిటి?

పలుగురాయి. మన పొలాల గట్ల మీద, సైదాపురం అభ్రకం గనుల పక్కన గుట్టలుగా పోసి ఉండే తెల్లరాయి. అభ్రకం ఏరుకుని, పనికిరాదని పారేసిన ఆ రాయే మాకు కావలసిన గడియారం. ఇంగ్లీషులో దాన్నే క్వార్ట్జ్ అంటారు. అందులో ఉన్నవి రెండే మూలకాలు, సిలికాన్, ఆక్సిజన్.

ఆకాశం నుంచి కాస్మిక్ కిరణాలు ఎప్పుడూ పడుతూనే ఉంటాయి. 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్ల పైకి వెళ్లి, పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని కొలిచి చూపించాడు. 1936లో నోబెల్ వచ్చింది. ఈ కిరణాలు గాలిలోని అణువులను ఢీకొట్టి చిన్న చిన్న కణాల జల్లు కురిపిస్తాయి. ఆ జల్లులోని న్యూట్రాన్లు నేల మీదున్న పలుగురాయిలోని ఆక్సిజన్ కేంద్రకానికి తగిలితే అది పగిలి బెరీలియం-10 అవుతుంది. సిలికాన్‌కు తగిలితే అల్యూమినియం-26 అవుతుంది. ఈ రెండూ పలుగురాయిలో మామూలుగా ఉండేవి కావు. కాబట్టి రాయి లోపల అవి కనిపించాయంటే, ఆ రాయి ఆకాశం కింద కూర్చుని ఉందన్నమాట.

పెంచలకోన గుడి హుండీ అనుకోండి. రోజుకు సుమారు ఎంత పడుతుందో తెలిస్తే, తెరిచి లెక్కపెట్టి ఎన్ని రోజులైందో చెప్పేయొచ్చు. మా లెక్క కూడా అంతే. కాకపోతే మూడు చిక్కులున్నాయి. పోయినసారి తెరిచినప్పుడు హుండీని పూర్తిగా ఖాళీ చేశారా? మధ్యలో ఎవరైనా తీశారా? లోపలి నోట్లు చెదపట్టి పోయాయా? ఈ పేజీలో సగం ప్రశ్నలు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

ఏడాదికి ఎన్ని అణువులు పుడతాయి?

నమ్మబుద్ధి కానంత తక్కువ. సముద్రమట్టంలో, ధ్రువాలకు దగ్గరి అక్షాంశాల్లో, గ్రాము పలుగురాయిలో ఏడాదికి సుమారు 4 బెరీలియం-10 అణువులు పుడతాయి. అల్యూమినియం-26 దానికి ఏడు రెట్లకు కొంచెం తక్కువ. మన దగ్గర ఇంకా తగ్గుతుంది. భూమి అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొసకు దగ్గరగా పోతుంది, అక్కడ ఆ క్షేత్రం తక్కువ శక్తి కిరణాలను పక్కకు తోసేస్తుంది. అందుకే నెల్లూరు మట్టంలో ఈ 4 కాస్తా రెండున్నర దరిదాపులకు వస్తుంది. ఉదయగిరి దుర్గం మీదికి, అంటే 900 మీటర్లు దాటి ఎక్కితే పైనున్న గాలి పొర పలచబడి మళ్లీ దాదాపు రెట్టింపవుతుంది.

అందుకే ఎక్కడ తీశారో ఎత్తుతో సహా రాయని శాంపిల్ మాకు ఉత్త రాయే.

ఇది కార్బన్ డేటింగ్ లాంటిదేనా?

చుట్టరికం ఉంది. కార్బన్-14 కూడా కాస్మిక్ కిరణాల బిడ్డే. కానీ అది గాలిలో పుట్టి, చెట్టులోకి, ఆవులోకి, మనలోకి చేరుతుంది. అవి చచ్చిపోయినప్పటినుంచి లెక్క మొదలవుతుంది. కాబట్టి బొగ్గు, ఎముక, గవ్వ లాంటిది ఏదో దొరకాలి, అదీ 50 వేల ఏళ్ల లోపుదై ఉండాలి. మేం చెప్పేది రాయి లోపలే పుట్టిన అణువుల గురించి. కార్బన్-14 అర్ధాయువు (అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోవటానికి పట్టే కాలం) 5,730 ఏళ్లు, అల్యూమినియం-26ది 7 లక్షల ఏళ్లు, బెరీలియం-10ది 13.87 లక్షల ఏళ్లు. ఇలాగే రాళ్లలో పుట్టే హీలియం-3, నియాన్-21 అసలు తరగవు.

ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో మన దేశం మనిషి దేవేంద్ర లాల్ ఉన్నారు. వారణాసిలో పుట్టి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టి, తర్వాత అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీకి డైరెక్టర్ అయ్యారు. ఏ ఎత్తులో, ఏ అక్షాంశంలో ఎన్ని అణువులు పుడతాయో, అరిగే రాయిలో వాటిని ఎలా లెక్కకట్టాలో ఆయన 1991లో రాసిన వ్యాసం చదవకుండా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఉండరు. మన కాలేజీ పిల్లలకు హెస్ పేరు తెలుసు గానీ లాల్ పేరు తెలియదు. అదే నా బాధ.

మా ఊరి కొండ వయసు ఎంతో చెప్పగలరా?

అందరూ అడిగేది ఇదే, అందరినీ నిరాశపరిచేది కూడా ఇదే.

కొండలోని రాయి ఎప్పుడు తయారైందన్నది ఒక ప్రశ్న. వెలిగొండల క్వార్ట్‌జైట్, అంటే పలుగు రేణువులు అతుక్కుని గట్టిపడిన రాయి, వంద కోట్ల ఏళ్లకు పైబడినది, దాని లెక్కకు వేరే గడియారాలున్నాయి. ఆ కొండ ఎప్పుడు కొండగా నిలబడిందన్నది ఇంకో ప్రశ్న. ఇప్పుడు మీరు కాలు పెట్టిన ఈ బండ పైభాగం ఎన్నాళ్లుగా ఆకాశాన్ని చూస్తోందన్నది మూడో ప్రశ్న. మా పద్ధతి జవాబు చెప్పేది మూడోదానికి మాత్రమే.

అది కూడా సూటిగా కాదు. చేతి లెక్క ఒకటి చేద్దాం. ఉదయగిరి ఎత్తులో ఏడాదికి గ్రాముకు 5 అణువులు పుడుతున్నాయనుకుందాం. ల్యాబ్ నుంచి గ్రాముకు 5 లక్షల అణువులున్నాయని వచ్చిందనుకుందాం. భాగిస్తే లక్ష ఏళ్లు. లక్ష ఏళ్ల కిందట పెద్ద చెక్క ఒకటి ఊడిపడి ఈ ముఖం బయటపడి, అప్పటినుంచీ వెంట్రుక వాసి కూడా అరగకుండా ఉంటే ఆ జవాబు సరైనదే.

కానీ బండ అరుగుతూనే ఉంటుంది కదా. వాన, ఎండ, నాచు, పొరలు పొరలుగా ఊడిపోవటం. కాస్మిక్ న్యూట్రాన్లు రాతిలోకి బాగా దిగేది పై 60 సెంటీమీటర్ల దాకే. ఆ లోతుకు పోయేసరికి మూడోవంతుకు కాస్త ఎక్కువ మిగులుతుంది, రెండు మీటర్లకు వందలో నాలుగు వంతులే మిగులుతాయి. కింది నుంచి రాయి నెమ్మదిగా పైకి వస్తూ అణువులు పోగేసుకుంటుంది, పైకి రాగానే అరిగి కొట్టుకుపోతుంది. ఇలా చూస్తే అదే 5 లక్షల అణువులకు అర్థం మారిపోతుంది. ఆ బండ వెయ్యేళ్లకు 6 మిల్లీమీటర్ల చొప్పున అరుగుతోందని అర్థం. వయసన్న మాటే అక్కడ లేదు.

అంకె ఒకటే, జవాబులు రెండు. ఏది నిజమో ల్యాబ్‌లో అణువులు లెక్కపెట్టే యాక్సిలరేటర్ యంత్రం చెప్పదు. బండ దగ్గరికి వెళ్లి చూసినవాడు చెప్పాలి. దాని మీద పాత నునుపు మిగిలుందా, పలుగు నరాలు చుట్టూ ఉన్న రాయికంటే వేలెడు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయా? అలా పొడుచుకొచ్చి ఉంటే పక్కరాయి ఆ మేరకైనా అరిగినట్టే. కాగితం మీద ‘లక్ష ఏళ్ల కొండ’ అని రాసేముందు ఆ నరం మీద వేలు పెట్టి చూడాలి.

ఇంకో మాట. వెయ్యేళ్లకు సెంటీమీటరు చొప్పున అరిగే బండకు 60 వేల ఏళ్లకు మించి జ్ఞాపకం ఉండదు. అంతకుముందు పోగైనదంతా కొట్టుకుపోయింది. అందుకే ‘సోమశిల దగ్గర పెన్నా కొండను ఎప్పుడు కోసింది’ అని అడిగితే, గండి పక్కగోడ శాంపిల్ చూసి చెప్పలేం. ఆ గోడ తన ఇటీవలి సంగతే చెబుతుంది.

ప్రపంచమంతటా కొలిచిన బయటి బండలు సగటున పది లక్షల ఏళ్లకు 12 మీటర్ల చొప్పున అరుగుతున్నాయని 2011లో ఒక పెద్ద సంకలనం తేల్చింది. అంటే మీ తాత, ముత్తాత, మీరు ముగ్గురూ కలిసి బతికిన కాలంలో ఆ బండ రెండు మిల్లీమీటర్లు అరిగి ఉంటే గొప్పే.

చీమకుర్తి గ్రానైట్‌కు ఈ పద్ధతి పనికొస్తుందా?

వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ నిజానికి గాబ్రో జాతి రాయి. అందులో పలుగురాయి కోసం వెతకటం ఇసుకలో చక్కెర ఏరుకున్నట్టు. కాబట్టి మామూలు బెరీలియం దారి మూసుకుపోయినట్టే.

నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేది పైరాక్సీన్ అనే ఖనిజం. కొత్త లావా రాళ్లలో అయితే పైరాక్సీన్‌లో హీలియం-3 కొలుస్తారు. కానీ ఇది వంద కోట్ల ఏళ్లు దాటిన రాయి. ఇన్నాళ్లుగా లోపలున్న యురేనియం, థోరియం, లిథియం వల్ల పుట్టిన హీలియం కుప్పలో, ఆకాశం నుంచి వచ్చిన పిసరు కనిపించకుండా పోతుంది. మిగిలింది క్లోరిన్-36. ఈ రాయిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజంలో కాల్షియం పుష్కలంగా ఉంటుంది, కాల్షియం నుంచి క్లోరిన్-36 పుడుతుంది. కష్టమే గానీ కుదురుతుంది.

ఒక సరదా సంగతి. క్వారీలో 30 మీటర్ల లోతున వైరు రంపంతో ఇవాళ కోసిన ముఖం ఉంది చూశారా, అది మాకు దాదాపు సున్నా. ఆకాశాన్ని మొదటిసారి చూస్తున్న రాయి అది. పూర్తి సున్నా అని ఎందుకు అనటం లేదంటే, ఆకాశం జల్లులోనే ఉండే మ్యూవాన్లనే కణాలు న్యూట్రాన్లకంటే చాలా లోతుకు దిగుతాయి.

పెన్నా ఇసుక తీసుకుని మన ప్రాంతం ఎంత వేగంగా అరుగుతోందో చెప్పొచ్చా?

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే. ఏటి ఇసుకలో ఒక్కో రేణువు ఒక్కో వాలు నుంచి వచ్చింది. ఒక సంచి ఇసుకలో లక్షల రేణువులుంటాయి. అన్నిటినీ కలిపి కొలిస్తే, ఆ ఏటికి ఎగువనున్న పరీవాహకమంతా సగటున ఎంత అరుగుతోందో వస్తుంది. ఒక్కో కొండా ఎక్కి తీసుకురావాల్సిన పనిని ఏరే చేసిపెడుతుంది.

కానీ నెల్లూరు వంతెన కింద గుప్పెడు తీస్తే అది నెల్లూరు కథ కాదు. పెన్నా కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి, 597 కిలోమీటర్లు నడిచి ఇక్కడికి వస్తుంది. పరీవాహకం 55 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. ఆ పైన సోమశిల ఆనకట్ట ఇసుకను ఆపేస్తోంది. సంగం, నెల్లూరు బ్యారేజీలున్నాయి. రీచ్‌లలో జేసీబీలు తవ్వి పాత పొరలను పైకి తెస్తున్నాయి. ఇవాళ నెల్లూరులో కనిపించే ఇసుకలో ఎగువ నుంచి ఈ మధ్య వచ్చింది ఎంతో, ఎప్పటినుంచో ఇక్కడే పడి ఉన్నది ఎంతో విడదీయలేం.

అందుకే నన్నడిగితే, పెన్నా జోలికి పోకుండా బొగ్గేరు, బీరాపేరు లాంటి ఉపనదుల మీద, అదీ చెక్‌డ్యామ్‌లకు ఎగువన, వెలిగొండల కాళ్ల దగ్గర తీయమంటాను. పరీవాహకం చిన్నది. పైన ఏ రాయి ఉందో నడిచి చూడొచ్చు.

అక్కడా ఒక మోసం ఉంది. కొండ పైభాగం క్వార్ట్‌జైట్ అయ్యి, కింద పలకరాయి ఉంటే, ఇసుకలోని పలుగు అంతా దాదాపు పై రాయి నుంచే వస్తుంది. పలకరాయి బురదగా మారి ఎప్పుడో సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. గుండ్లకమ్మ ఎగువన ఈ ఇబ్బంది తప్పదు. మీరు ఊరందరి ఓట్లూ లెక్కపెట్టాననుకుంటారు, నిజానికి ఒక వీధివే లెక్కపెట్టి ఉంటారు.

వరద తర్వాత వెంటనే తీయకండి. 2021 నవంబరులో పెన్నాకు వచ్చినలాంటి వరద గట్లను కోసేస్తుంది. గట్టు లోపలి మట్టి ఆకాశాన్ని పెద్దగా చూడలేదు, అందులో బెరీలియం-10 తక్కువ. అది కలిస్తే, కొండలు నిజంగా అరిగేదానికంటే వేగంగా అరుగుతున్నట్టు లెక్క వస్తుంది.

కంభం చెరువు పూడికకూ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. ఈ ప్రశ్న అడిగినాయన రైతు. ఇంత మంచి ప్రశ్న మా సెమినార్లలో కూడా వినలేదు.

గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య గండికి కట్టిన చెరువది. విజయనగర రాజుల నాటిది, వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. ఉజ్జాయింపుగా 500 ఏళ్లు అనుకోండి. ఈ 500 ఏళ్లలో ఎగువ కొండల నుంచి వచ్చిన మట్టిలో చాలా భాగం ఆ చెరువు పొట్టలోనే ఉంది.

ఇప్పుడు లెక్క. కొండలు సహజంగా వెయ్యేళ్లకు 10 మిల్లీమీటర్లు అరుగుతాయనుకుందాం. 500 ఏళ్లకు 5 మిల్లీమీటర్లు. పరీవాహకం సుళువుకోసం 1,000 చదరపు కిలోమీటర్లు అనుకుంటే, అరిగిన రాయి 50 లక్షల ఘనపు మీటర్లు. మన నీటిపారుదల భాషలో 0.18 టీఎంసీ. రాయి మట్టిగా మారితే ఇంకొంచెం ఉబ్బుతుంది, కరిగి నీళ్లలో పోయేది కొంత ఉంటుంది, అది పక్కన పెడదాం. చెరువులో నిజంగా ఉన్న పూడిక ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువని తేలితే, ఆ అదనం ఎక్కడిది? అడవి నరకటం, వాలు దున్నటం, మేకలు, రోడ్ల కోసం కొండ తవ్వటం. మనిషి వాటా ఎంతో అప్పుడు కొలిచి చెప్పొచ్చు.

బెరీలియం పద్ధతి గొప్పతనం ఇక్కడే ఉంది. అది వేల, పదివేల ఏళ్ల సగటు చెబుతుంది. మొన్న మొన్న జరిగిన అటవీ నరికివేత ఆ సగటును పెద్దగా కదల్చలేదు. కాబట్టి మనిషి చెయ్యి పడకముందు ఎలా ఉండేదో దాంట్లో భద్రంగా ఉంటుంది. పూడిక ఇటీవలి సంగతి చెబుతుంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా బయటపడుతుంది. శ్రీలంక ఎత్తు ప్రాంతాల్లో ఇలాగే చేసి చూస్తే, తేయాకు, కూరగాయల సాగు ఉన్న వాలుల్లో మట్టి సహజ వేగానికి పదుల రెట్లు ఎక్కువగా కొట్టుకుపోతున్నట్టు తేలింది.

పూడిక తీసి పొలాలకు తోలుకునేటప్పుడు, ట్రాక్టర్ వాళ్లు ఎక్కడ ఎంత లోతు తవ్వారో ఒక నోటుపుస్తకంలో రాసిపెడితే చాలు, అదే సగం పరిశోధన.

గుండ్లకమ్మ, పాలేరు ఒడ్డున దొరికే రాతి పనిముట్ల వయసు ఇలాగే తేలుస్తారా?

కొన్నిసార్లు. పనిముట్టు మీద కాదు, అది పూడిపోయిన పొరలోని పలుగు మీద.

నేల పైన ఉన్నంతకాలం పలుగులో అల్యూమినియం-26, బెరీలియం-10 ఒకే నిష్పత్తిలో, ఇంచుమించు 7కి 1గా పుడతాయి. లోతుగా పూడిపోతే పుట్టుక ఆగిపోతుంది, తరుగుదల మాత్రం సాగుతుంది. అల్యూమినియం తొందరగా తరుగుతుంది, బెరీలియం నిదానంగా. దాంతో నిష్పత్తి పడిపోతూ, దాదాపు 14 లక్షల ఏళ్లకు సగమవుతుంది. ఆ పడిపోయిన నిష్పత్తి చూసి ఎప్పుడు పూడిందో చెప్పొచ్చు.

దీనికి మనకు దగ్గరలోనే పెద్ద ఉదాహరణ ఉంది. నెల్లూరు సరిహద్దు దాటి తమిళనాడులోకి పోతే తిరువళ్లూరు జిల్లాలో అత్తిరంపాక్కం వస్తుంది. 1863లో బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త అక్కడ రాతి గొడ్డళ్లు గుర్తించాడు. పురావస్తు పరిశోధకురాలు శాంతి పప్పు బృందం అక్కడ తవ్వకాలు జరిపి, ఈ అల్యూమినియం, బెరీలియం పద్ధతితోనూ, పొరల్లోని పాత అయస్కాంత దిశలతోనూ చూసి, 2011లో ఆ గొడ్డళ్లు సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని చెప్పింది. భారతదేశంలో ఆది మానవుడి చరిత్రను అది ఒక్కసారిగా వెనక్కి జరిపింది.

కొన్ని లక్షల ఏళ్ల లోపు పొరలకు ఇది అంతగా పదునుగా ఉండదు. అక్కడ ల్యూమినిసెన్స్ పద్ధతి మేలు, అంటే రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో కొలవటం. గుండ్లకమ్మ ఎగువన రెట్లపల్లెలో దొరికిన పనిముట్లకు సుమారు 1,39,000 ఏళ్లని తేల్చింది అలాంటి పద్ధతితోనే.

భైరవకోన గుహాలయాలు ఎప్పుడు చెక్కారో చెప్పొచ్చా?

లేదు. ఎందుకు లేదో చూడండి, సరదాగా ఉంటుంది. అవి ఏడు, ఎనిమిది శతాబ్దాలవని చరిత్రకారులు చెబుతారు. 1,300 ఏళ్లు అనుకుందాం. గుహ లోపలికి సగం ఆకాశం కూడా కనిపించదు కాబట్టి ఏడాదికి గ్రాముకు ఒకటిన్నర అణువులు పుట్టినా 2 వేల లోపే. అదే రాయిలో, చెక్కకముందే, మ్యూవాన్ల వల్ల లోతున పోగైనవి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. హుండీలో పాత డబ్బు లక్షల్లో ఉండగా ఇవాళ పడిన పదిరూపాయల బిళ్లను లెక్కపెట్టడం లాంటిది. దాని కోసం గుడి గోడకు ఉలి పెడతామా? శాసనాలు, శిల్పశైలి చెప్పినదే చాలు.

ఒంగోలు భూకంపాల గురించి ఏమైనా తెలుస్తుందా?

1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు వైపు చిన్న ప్రకంపనలు వచ్చి జనం రోడ్ల మీదికి పరుగెత్తారు. ఇటలీ, గ్రీసుల్లో భూకంపానికి సున్నపురాయి గోడలా పైకి లేస్తే, ఆ గోడ ఎన్ని విడతల్లో లేచిందో క్లోరిన్-36తో లెక్కకడతారు. మన దగ్గర అలా నేలను చీల్చుకుని నిలబడిన గోడలు లేవు. కాబట్టి టెన్షన్ పడేవాళ్లకు మా దగ్గర మందు లేదు.

కోట, చిల్లకూరు సిలికా ఇసుక, తీరం దిబ్బలు?

ఉన్నది అంతా పలుగే, అయినా మా పద్ధతికి పనికిరాదు. ఆ రేణువులు కొండ మీద, ఏట్లో, ఒడ్డున, ఎన్నిచోట్ల ఎన్నాళ్లు ఆకాశం చూశాయో. హుండీ ఖాళీ కాకుండానే ఊళ్లు తిరిగింది. దిబ్బలకు ల్యూమినిసెన్స్, గవ్వలకు కార్బన్-14.

శాంపిల్ ఎలా తీయాలి?

నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. మొదటి ఏడాది వెలిగొండల కింద పదకొండు శాంపిళ్లు కొట్టాను. గుడ్డ సంచుల మీద మార్కర్‌తో నంబర్లు రాశాను. దిగేటప్పుడు వాన పట్టుకుంది. ఇంటికొచ్చి చూస్తే ఏడు సంచుల మీద ఊదారంగు మరకలు తప్ప అక్షరం లేదు. రాళ్లన్నీ ఒకటే తెలుపు. మా ఆవిడ ఆ ఏడింటినీ తులసికోట చుట్టూ పేర్చింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అప్పటినుంచీ అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గీసి సంచి లోపల వేస్తున్నాను, బయటా రాస్తున్నాను, ఫోటోలో కూడా ఆ నంబరు పడేలా చూస్తున్నాను.

చోటు ఎంపిక ముఖ్యం. గుండు గానీ బండ గానీ కదిలే రకం కాకూడదు. పైన, మధ్యలో, చదునుగా ఉన్నచోట తీయాలి. అంచుల్లో వద్దు, పక్కనుంచి కూడా కణాలు తప్పించుకుపోతాయి. ఒకప్పుడు మట్టి కప్పి ఉండి తర్వాత బయటపడిన బండలా అనిపిస్తే వదిలేయండి. పై 3, 4 సెంటీమీటర్ల పొర చాలు, ఒకటి రెండు కిలోలు. మందం కొలిచి రాయాలి. చుట్టూ కొండలు ఆకాశాన్ని ఎంత మూస్తున్నాయో దిక్కుకో కోణం చొప్పున రాసుకోవాలి. పెంచలకోన లాంటి లోయలో ఇది మరిచిపోతే లెక్క ఎటో పోతుంది.

గులకరాళ్ల మెట్టలకు వేరే దారి. రెండు మీటర్లకు పైగా గుంత తవ్వి, 30, 40 సెంటీమీటర్లకు ఒకచోట పలుగు గులకరాళ్లు తీస్తాం. లోతుకు పోయేకొద్దీ అణువులు ఎలా తగ్గుతున్నాయో చూస్తే, వయసూ తెలుస్తుంది, రాళ్లు ఇక్కడికి వచ్చేటప్పటికే మోసుకొచ్చిన పాత బాకీ ఎంతో కూడా తెలుస్తుంది. కావలి చుట్టుపక్కల గ్రావెల్ కోసం తవ్విన గుంతలు చూస్తే ఆశ పుడుతుంది, ఉచితంగా కోత దొరికింది కదా అని. కానీ పైన ఒక మీటరు ముందే గీకి తీసుకుపోయి ఉంటారు. పాత నేల మట్టం ఎక్కడుందో చూపించే తాటిచెట్టో, మైలురాయో పక్కన మిగిలి ఉంటేనే ముట్టుకోండి.

అనుమతులు మరిచిపోవద్దు. పెంచలకోన చుట్టూ అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, అటవీ శాఖ కాగితం లేకుండా ఉలి తీయకూడదు. కోటలు, గుళ్ల దగ్గర అసలే వద్దు.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది? ఎన్నాళ్లు పడుతుంది?

నెలలు. రాయిని దంచి, జల్లెడ పట్టి, రవ్వ సైజు రేణువులు తీస్తారు. అయస్కాంతంతో నల్ల ఖనిజాలు లాగేస్తారు. యాసిడ్లలో నానబెట్టి, పలచని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో రేణువుల పైపొరను ఒలుస్తారు. ఎందుకంటే వానతో పాటు గాలిలోంచి దిగిన బెరీలియం-10 పైన అంటుకుని ఉంటుంది, అది లెక్కలోకి రాకూడదు. మిగిలిన శుద్ధమైన పలుగు ఓ 30 గ్రాములను పూర్తిగా కరిగిస్తారు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియదు, లోపల ఎముకదాకా పోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో లేని ల్యాబ్‌లో అడుగుపెట్టొద్దని పిల్లలకు చెబుతుంటాను.

కరిగించేముందు తూచిన మామూలు బెరీలియం, పావు మిల్లీగ్రాము అంత, కలుపుతారు. 30 గ్రాముల్లో గ్రాముకు 5 లక్షల చొప్పున ఉన్నవి మొత్తం కోటిన్నర అణువులు. కంటికే కాదు, ఏ తక్కెడకూ ఆనవు. కలిపిన మామూలు బెరీలియంతో పోలిస్తే లక్ష కోట్లకు ఒకటి. ఆ ఒకటిని పట్టుకోవటానికే యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. మన దేశంలో ఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో బెరీలియం-10, అల్యూమినియం-26 రెండూ కొలిచే ఏర్పాటు ఉంది. బోరాన్-10 బరువులో బెరీలియం-10కి అచ్చం కవలలా ఉంటుంది, దాన్ని విడదీయటమే వాళ్ల పెద్ద తలనొప్పి.

ఆ రాళ్లలో రేడియేషన్ ఉంటుందా? పిల్లలు ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు, ఆడుకోవచ్చు, తులసికోట చుట్టూ పేర్చుకోవచ్చు.

రిపోర్టు వచ్చింది. ఏం చూడాలి?

వయసు చూసేముందు అణువుల సంఖ్య చూడండి. అసలు కొలిచింది అదొక్కటే, మిగతాదంతా లెక్క. ఆ లెక్కలో అరుగుదల ఎంత అనుకున్నారో వెతకండి. సున్నా అని పెట్టి ఉంటే, వచ్చిన వయసు ‘కనీసం ఇంత’ అని మాత్రమే అర్థం. ఏ పుట్టుక రేటు, ఏ ఎత్తు సవరణ పద్ధతి వాడారో చెప్పని రిపోర్టును వెనక్కి పంపండి. 2010కి ముందు పరిశోధనల్లో చాలావాటిలో బెరీలియం-10 అర్ధాయువు 15.1 లక్షల ఏళ్లని పెట్టుకున్నారు. ఆ అంకెలను ఇప్పటివాటి పక్కన నేరుగా పెట్టి పోల్చకండి. ఖాళీ శాంపిల్, అంటే రాయి వేయకుండా అదే యాసిడ్లతో నడిపిన పరీక్ష, ఎంత వచ్చిందో కూడా అడగండి. మీ శాంపిల్‌కూ దానికీ పెద్ద తేడా లేకపోతే, వచ్చింది రాయి లెక్క కాదు, సీసా లెక్క.

మా పొలంలో పెద్ద పలుగురాయి ఉంది. కొట్టి పంపమంటారా?

కొట్టకండి. కదిలించకండి కూడా. అక్కడే ఉంచి, దాని పక్కన ఒక చెప్పో, కొడవలో పెట్టి ఫోటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి. చుట్టూ నాలుగు దిక్కులా ఆకాశం కనిపించేలా ఇంకో నాలుగు తీయండి. మీ నాన్నగారినో, తాతగారినో అడిగి ఒక్క వాక్యం రాసి పెట్టండి: ఆ రాయి ఎప్పటినుంచీ అక్కడే ఉందా, లేక దున్నేటప్పుడు అడ్డమొచ్చిందని ఎవరైనా దొర్లించి గట్టున పెట్టారా?